నిలిచిన నీటిలో ఏటి చేప

ఉత్తర అమెరికాలో గాలం వేసే అలవాటున్న ఎవరినైనా స్మాల్‌మౌత్ బాస్ ఎక్కడుంటుందని అడిగి చూడండి. చల్లగా పారే ఏరు, అడుగున గులకరాళ్ళు, నడుమ ఒక బండ, ఆ బండ చాటున చేప. దాదాపు అందరూ చెప్పే చోటు ఇదే. కాదంటే గ్రేట్ లేక్స్ లాంటి తేటనీటి సరస్సుల పేరెత్తుతారు. కుంట మాట మాత్రం ఎవరి నోటా రాదు. కుంటంటే బురద, నాచు, నీటి మొక్కలు, వాటి కింద పొంచి ఉండే లార్జ్‌మౌత్ బాస్. ఏటి చేపను తెచ్చి అలాంటి చోట వదిలితే ఊపిరాడక చస్తుందని, చావకపోయినా గుడ్లు పెట్టదని చాలామంది నమ్మకం.

నిజానికి చావదు. అడుగు అనుకూలంగా ఉంటే గుడ్లూ పెడుతుంది. అయినా స్మాల్‌మౌత్‌ను కుంటలో వదిలినవాళ్ళలో చాలామందికి నాలుగేళ్ళు తిరిగేసరికి నిరాశే మిగులుతుంది. ఎందుకని? ప్రశ్నను కొంచెం మార్చి అడగాలని నాకనిపిస్తుంది. ఈ చేపకు కావలసింది ప్రవాహమా, ప్రవాహం చేసిపెట్టే పనులా? ఏరు ఎవరూ అడక్కుండానే నీటిలో గాలి కలుపుతుంది. రాళ్ళ మీద ఒండ్రు పేరుకోకుండా కడుగుతుంది. పైనీరూ కిందినీరూ వేరుపడనివ్వదు. ఇవన్నీ మరో దారిలో జరిగిపోతే చేపకు ప్రవాహంతో పెద్దగా పని లేదు.

ముందు పేరు సంగతి. పేరులో బాస్ ఉంది గానీ ఇది సన్‌ఫిష్‌ల కుటుంబానికి చెందిన చేప. 1802లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లాసెపెద్ దీనికి మైక్రోప్టెరస్ డోలోమ్యూ అని శాస్త్రీయ నామం పెట్టాడు. మైక్రోప్టెరస్ అంటే చిన్న రెక్క. ఆయన చేతికొచ్చిన నమూనాలో వీపు రెక్క చివర చిరిగిపోయి, వెనక ఒక చిట్టి రెక్క విడిగా ఉన్నట్టు కనబడింది. అది గాయమని ఆయనకు తోచలేదు, జాతి లక్షణమనుకున్నాడు. ఆ పొరపాటే ఇప్పటికీ మొత్తం ప్రజాతికి పేరుగా చెలామణి అవుతోంది. ఇక డోలోమ్యూ ఆయన మిత్రుడు, ఖనిజ శాస్త్రవేత్త. డోలమైట్ రాయికి ఆ పేరు వచ్చింది కూడా ఆయన నుంచే. మిస్సోరీలోని ఓజార్క్ కొండల్లో ఈ చేప తిరిగే వాగులు చాలావరకు డోలమైట్ రాతి మీదే పారతాయి. పేరు పెట్టినాయన ఇంత దూరం ఆలోచించి ఉండడు.

వాడుక పేరు మాత్రం నోటిని బట్టి వచ్చింది. నోరు మూసినప్పుడు లార్జ్‌మౌత్ పైదవడ కంటిని దాటి వెనక్కి పోతుంది. స్మాల్‌మౌత్ దవడ కంటి కిందే ఆగిపోతుంది. చూడటానికి చిన్న తేడా. కుంటలో దీని జాతకం తిరిగేది మాత్రం చాలావరకు ఆ తేడా మీదే. ఆ సంగతికి తర్వాత వద్దాం. అంతకంటే ముందు తీరాల్సింది ఊపిరి సమస్య.

15 డిగ్రీల సెల్సియస్ నీటిలో లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. చేప ఒంటికేమో వేడి పెరిగేకొద్దీ ఆక్సిజన్ ఎక్కువ కావాలి. రాబడి తగ్గే రోజుల్లోనే ఖర్చు పెరగడమన్నమాట. నీరు 30 డిగ్రీలు దాటినంత మాత్రాన స్మాల్‌మౌత్ చచ్చిపోదు. వేడికి ఆక్సిజన్ లేమి తోడైతేనే ముప్పు. ఆ లేమిని తట్టుకోవడంలో ఇది లార్జ్‌మౌత్ కంటే ఒక మెట్టు కిందే ఉంటుంది.

వేసవిలో కాస్త లోతున్న కుంట నీరు రెండంతస్తులుగా విడిపోతుంది. ఎండకు కాగిన తేలిక నీరు పైన, చల్లని బరువు నీరు కింద. గాలికి పై అంతస్తు మాత్రమే కదులుతుంది. కింది అంతస్తులో ఆకులూ నాచూ కుళ్ళుతూ ఉన్న ఆక్సిజన్ కాస్తా తినేస్తాయి. చల్లదనం కోసం దిగితే గాలి లేదు, గాలి కోసం పైకొస్తే వేడి. మధ్యలో మిగిలిన పలచని పొరలో చేపలన్నీ సర్దుకోవాలి. దీనికి రాత్రి వేళ లెక్క ఒకటి తోడవుతుంది. పగలంతా నాచు ఆక్సిజన్ విడుదల చేస్తుంది, చీకటి పడ్డాక అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే కుంటలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున. సాయంత్రం బాగానే ఈదుతున్న చేపలు పొద్దున్నే వెల్లకిలా తేలాయంటే నీళ్ళలో ఎవరో విషం కలిపారని అనుమానించక్కర్లేదు, చాలాసార్లు దోషి ఈ లెక్కే.

అడుగు నుంచి గాలి బుడగలు వదిలే ఏరేటర్ ఏరు చేసే పనిలో కొంత చేస్తుంది. దానికీ ఒక మెలిక ఉంది. వేసవి ముదిరి, కింది అంతస్తులో ఊపిరి లేని నీరు పేరుకున్నాక ఒక్కసారిగా ఏరేటర్ తిప్పితే ఆ చెడ్డ నీరంతా పైకొచ్చి కలుస్తుంది. కాపాడబోయిన చేపలే చస్తాయి. మండు వేసవిలో కురిసే చల్లటి గాలివాన కూడా కొన్నిసార్లు ఇదే పని చేస్తుంది. అందుకే అంతస్తులు ఏర్పడకముందే, వసంతంలోనే ఏరేటర్ మొదలుపెట్టమంటారు.

ఊపిరి గండం గట్టెక్కితే రెండోది అడుగు. గుడ్ల కాలంలో ఏటిలోని స్మాల్‌మౌత్ ఏం చేస్తుందో గమనిస్తే ప్రవాహం మీద దీనికున్న ప్రేమ ఎంతో తెలుస్తుంది. వసంతంలో నీరు 15, 16 డిగ్రీలకు చేరగానే మగచేప గూటికి చోటు వెతుకుతుంది. వడిగా పారే చోటుకు పోదు. బండ వెనకో, పడిపోయిన దుంగ చాటునో, నీరు దాదాపు నిలిచిపోయిన మూల చూసుకుంటుంది. అంటే ఏటిలో ఉన్నా అది వెతుక్కునేది ఒక చిన్న కుంటనే! అక్కడ తోకతో ఊడ్చి, ఒండ్రు చెదరగొట్టి, శుభ్రమైన గులకరాళ్ళు బయటపడేలా పళ్ళెం లాంటి గుంట చేస్తుంది. ఆడచేప వచ్చి వేల గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. జిగురు గుడ్లు రాళ్ళకు అంటుకుంటాయి. కాపలా అంతా తండ్రిదే. రెక్కలతో విసురుతూ గుడ్లకు కొత్త నీరు అందిస్తాడు, వాటి మీద మన్ను వాలనివ్వడు, దగ్గరకొచ్చిన ప్రతిదాన్నీ తరుముతాడు. పిల్లలు నల్లటి మబ్బుతునకలా పైకి లేచాక కూడా కొన్నాళ్ళు వెంటే ఉంటాడు. కొరమీను తన పిల్లల మందను కాయడం చూసినవారికి ఈ దృశ్యం కొత్తగా అనిపించదు.

ఏటిలో ఈ శ్రమంతా ఒక్క వరదతో కొట్టుకుపోవచ్చు. కుంటలో ఆ భయం తక్కువ. కాకపోతే కుంటకు తనను తాను కడుక్కునే శక్తి లేదు. చుట్టూ ఉన్న నేల నుంచి వానకు కొట్టుకొచ్చిన సన్నటి మన్నంతా అడుగున పరుచుకుంటుంది. లార్జ్‌మౌత్‌కు అదో లెక్క కాదు, వేళ్ళ మీదా గట్టి మట్టి మీదా గూడు కట్టేస్తుంది. స్మాల్‌మౌత్‌కు గులకరాయి కావాలి. ఒడ్డుకు దగ్గరగా, మీటరు లోతులో, కంకర పరిచి పక్కన పెద్ద రాళ్ళు వేసిన కుంటల్లో అది గూళ్ళు కడుతుంది. ఆ రాళ్ళ వల్ల మరో లాభం కూడా ఉంది. పీతకున్నట్టు డెక్కలున్న, రొయ్యకు చుట్టమైన క్రేఫిష్ వాటి సందుల్లో చేరుతుంది. స్మాల్‌మౌత్ అన్నిటికంటే ఇష్టంగా తినేది దాన్నే.

ఇప్పుడు నోటి సంగతి.

కుంటల పెంపకంలో పేరుపడ్డ మనిషి హోమర్ స్వింగిల్. అలబామాలోని ఆబర్న్‌లో 1930ల నుంచి కుంటల్లో చేపలు వదిలి, కొన్నాళ్ళ తర్వాత నీరు తోడించి, ఏది ఎంత పెరిగిందో తూచి చూశాడు. ఏ కుంట నిలకడగా చేపలనిస్తుంది, ఏది చితికిపోతుంది అన్నదానికి 1950లో సమతౌల్యం అనే లెక్క ప్రకటించాడు. ఆ పరిశోధనలతో స్థిరపడిన జోడీ లార్జ్‌మౌత్, బ్లూగిల్. బ్లూగిల్ అరచేయంత వెడల్పు చేప, వేసవి పొడవునా పిల్లలు పెడుతూనే ఉంటుంది. లార్జ్‌మౌత్ వాటిని మింగుతూ సంఖ్య అదుపులో ఉంచుతుంది. మిగిలినవి బాగా పెరుగుతాయి. అమెరికా పొలం కుంటల్లో ఈ జోడీయే ఆనవాయితీ అయింది.

చిక్కంతా ఇక్కడే. అదే కుంటలో లార్జ్‌మౌత్ బదులు స్మాల్‌మౌత్‌ను వేస్తే లెక్క తిరగబడుతుంది. బ్లూగిల్ ఒళ్ళు నిలువునా వెడల్పు, పైన ముళ్ళ రెక్క. స్మాల్‌మౌత్ నోట పట్టేంత చిన్నదిగా అది ఉండేది కొద్దికాలమే. పైగా బ్లూగిల్ పిల్లలు నీటి మొక్కల్లో దాక్కుంటాయి. స్మాల్‌మౌత్ రాళ్ళ మధ్యా ఖాళీ నీటిలోనూ వేటాడే చేప, ఆ పొదల్లో దూరి వెతకడం దానికి అంతగా చేతకాదు. తినేవాళ్ళు లేక బ్లూగిల్ సంఖ్య పెరిగిపోతుంది. తిండి చాలక గిడసబారిన ఆ మంద స్మాల్‌మౌత్ గూళ్ళ మీద పడుతుంది. తండ్రి ఒకటి రెంటిని తరిమేలోపు వెనక నుంచి నాలుగు దూరతాయి. గూడు కాస్తున్న మగచేప గాలానికి చిక్కి కాసేపు లేకపోయినా అంతే, నిమిషాల్లో గుడ్లు మాయమవుతాయి. పోనీ లార్జ్‌మౌత్‌నూ స్మాల్‌మౌత్‌నూ కలిపి వేస్తే? కొన్నేళ్ళపాటు రెండూ కనిపిస్తాయి. తర్వాత వెచ్చని, మొక్కలున్న కుంట ఎవరి ఇల్లో వారిదే అవుతుంది.

కాబట్టి నిరాశకు కారణం నిలిచిన నీరు అనడం కంటే ఇరుగుపొరుగు అనడమే సబబు. చుట్టూ ఉన్న చేపలను మార్చిన చోట స్మాల్‌మౌత్ నిలబడుతుంది. ముందుగా ఫాట్‌హెడ్ మిన్నో, గోల్డెన్ షైనర్ లాంటి సన్నపాటి చేపలను వదిలి, అవి ఒక కాలం పిల్లలు పెట్టనిచ్చి, ఆ తర్వాత స్మాల్‌మౌత్ పిల్లలను వేస్తారు. సన్‌ఫిష్ కావాలనుకుంటే బ్లూగిల్ బదులు రెడ్‌ఇయర్ వేస్తారు. అది నత్తలను నమిలి తింటుంది, బ్లూగిల్ అంత విపరీతంగా పెరగదు. కుంట మాత్రం లోతుగా, తేటగా ఉండాలి.

అమెరికా ఖండపు ఉత్తర ప్రాంతాల్లో కుంట వల్ల ఒక మేలు కూడా ఉంది. నీరు 10 డిగ్రీల కంటే చల్లబడితే స్మాల్‌మౌత్ తిండి దాదాపు మానేసి రాళ్ళ సందుల్లో స్తబ్ధుగా పడి ఉంటుంది. మొదటి వేసవిలో తగినంత పెరగని పిల్లలు ఒంట్లో కొవ్వు చాలక ఆ ఉపవాసంలో చనిపోతాయి. ఈ జాతి ఉత్తరం వైపు ఎంత దూరం పోగలదో నిర్ణయించేది చాలావరకు ఈ తొలి శీతాకాలమే. చిన్న కుంట వసంతంలో పెద్ద సరస్సు కంటే ముందే వేడెక్కుతుంది, పిల్లలకు పెరిగే రోజులు ఎక్కువ దొరుకుతాయి.

నిలిచిన నీటిని మెట్టుగా వాడుకోవడం ఈ చేపకు కొత్త కాదు. మొదట్లో ఇది అప్పలేషియన్ కొండలకు పడమర వైపున్న మిసిసిపి పరీవాహకంలోనూ, గ్రేట్ లేక్స్ ప్రాంతంలోనూ ఉండేది. 1850లలో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలు మార్గం కొండలు దాటాక, ఒహాయో వైపు నుంచి ఓ ముప్ఫై చేపలను చిల్లుల బకెట్‌లో పెట్టి, ఆవిరి ఇంజను నీళ్ళ ట్యాంకులో వేలాడదీసి, మేరీలాండ్‌లోని కంబర్లాండ్‌కు తెచ్చారు. వదిలింది నదిలో కాదు, పడవలు ఆగే కాలువ రేవు నీటిలో. అక్కడినుంచి పొటోమాక్ నది అంతా పాకాయి.

ఇలాంటి మడుగు కథే మరొకటి 2022లో అరిజోనాలో బయటపడింది. కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ డ్యామ్ వెనకున్న లేక్ పావెల్ మట్టం కరువుకు పడిపోయింది. టర్బైన్ల గొట్టాలు ఉన్న ఎత్తులోనే ఉన్నాయి, నీటి పైపొర వాటి దాకా దిగింది. దశాబ్దాలుగా చల్లని నీరు వదిలిన డ్యామ్ వెచ్చని నీరు వదలడం మొదలుపెట్టింది, దాంతోపాటు సరస్సులోని స్మాల్‌మౌత్‌లు కూడా కిందికొచ్చాయి. డ్యామ్‌కు కొద్ది మైళ్ళ దిగువన, నది పక్కన నిలిచిపోయిన ఒక మడుగులో వాటి పిల్లలు దొరికాయి. దిగువన గ్రాండ్ కాన్యన్‌లో హంప్‌బ్యాక్ చబ్ అనే స్థానిక చేప ఉంది. ఎక్కడికెళ్ళినా చిన్న చేపలను తినేసే బాస్ అక్కడికి చేరితే ఆ చబ్ గతి ఏమిటన్నది అధికారుల భయం. నేషనల్ పార్క్ సర్వీస్ ఆ మడుగుకు తెర అడ్డం కట్టి, చేపలను చంపే రోటెనోన్ కలిపింది. నదికంతటికీ అలా మందు కలపలేరు కదా. 2024 జూలై నుంచి కొన్ని నెలలపాటు డ్యామ్ లోతట్టు గొట్టాల నుంచి చల్లని నీరు వదిలారు. ఆ గొట్టాలకు టర్బైన్లు లేవు, వాటి గుండా పోయిన నీటితో కరెంటు రాదు. నష్టమైనా భరించి నది వేడిని 15.5 డిగ్రీల లోపు ఉంచాలని చూశారు. ఆ గీత దాటిందంటే మగచేప ఏదో ఒక బండ చాటున తోకతో ఊడవడం మొదలుపెడుతుంది.