చీనీ తొక్క, చిన్న సీసా

చిరంజీవులు పాపకు, చిన్నోడికి అనంతపురం నుంచి తాత ఆశీస్సులు.

పాప రాసిన ఉత్తరం అందింది. "నాయన సిగరెట్ మానేశాడు తాతా, రెండో రోజు నుంచి ఊరికే అరుస్తున్నాడు. మంచి వాసన పీలిస్తే తాగాలనిపించదంట, నిజమేనా?" అని అడిగినావు. కొంత నిజం. ఎంత నిజమో, ఇంట్లో ఎట్లా చేయాలో చెప్తాను. ముందు ఒక మాట. ఆ అరుపు మీ మీద కోపం కాదు. అలవాటైన ఒంటికి పొగాకులో ఉండే నికోటిన్ అందకపోతే చిరాకు వస్తుంది, నిద్ర పట్టదు, ఆకలి పెరుగుతుంది. మొదటి రెండు మూడు రోజులు గట్టిగా ఉండి, మూడు నాలుగు వారాల్లో సద్దుమణుగుతుంది.

అమ్మ పాలు కాచేటప్పుడు పొయ్యి పక్కన నిలబడి చూడండి. చాలాసేపు ఏమీ కాదు. అంచుల్లో బుడగలు, పైన మీగడ ముడత, అంతలోనే దబర అంచుదాకా లేస్తాయి. సిగరెట్ కోసం నోరు పీకడం కూడా అట్లాంటిదే. రోజంతా ఒకే తీరుగా ఉండదు. లేస్తుంది, మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంటుంది, దిగుతుంది. పొంగేటప్పుడు కాసిన్ని నీళ్లు చిలకరిస్తే పాలు అణుగుతాయి కదా, వాసన చేసే పని అంతే. పాలు చల్లగా ఉన్నప్పుడు చల్లి లాభం లేదు, పొయ్యి మీద పొర్లిపోయాక చల్లినా లాభం లేదు. దబర నిండా పోస్తే పాలు నీళ్లయిపోతాయి. కింద మంట ఉన్నంతసేపూ మళ్లీ పొంగుతాయి, మళ్లీ చల్లాల. ఆ మంట తగ్గించే పని డాక్టరుది. నికోటిన్ చూయింగ్ గమ్ వాడాలో, మాత్ర వాడాలో ఆయన చెప్తాడు. మానాలనుకునేవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోను కూడా ఉంది, 1800-112-356. అమ్మతో చెప్పి గోడ మీద రాయించండి.

ఇది పరీక్ష చేసి చూసిన సంగతే. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ సేయెట్ అనే ఆచార్యుడు, ఆయన తోటివాళ్లు 2019లో ప్రచురించారు. సిగరెట్ తాగేవాళ్లు 232 మందిని ఎనిమిది గంటలు ముట్టకుండా రమ్మన్నారు. చాక్లెట్, ఆపిల్, పెప్పర్‌మింట్, నిమ్మ, వెనీలా లాంటి వాసనలు చూపించి ఎవరికేది నచ్చిందో అడిగి పెట్టుకున్నారు. తర్వాత సిగరెట్ వెలిగించి తాగకుండా చేత్తో పట్టుకోమన్నారు. తాగాలని ఎంతగా ఉందో నూటికి మార్కులు వేయమంటే సగటున 82 వచ్చింది. దాన్ని ఆర్పించి ఒక్కొక్కరికి ఒక డబ్బా ఇచ్చారు. కొందరికి తమకు నచ్చిన వాసన, కొందరికి పొగాకు, కొందరికి ఏ వాసనా లేనిది. నచ్చిన వాసన చూసినవాళ్లకు 19 మార్కులు తగ్గింది. మిగతా రెండు గుంపులకూ 11 పైచిలుకు తగ్గింది.

ఇక్కడ కాస్త ఆగి లెక్క వేయండి. వాసనే లేని డబ్బాకూ 11 తగ్గిందంటే, ఓపిక పట్టి కూర్చోవడమే సగానికి పైగా పని చేసిందన్నమాట. నచ్చిన వాసన ఇంకో ఎనిమిది తగ్గించింది. అయినా అరవై దాకా మిగిలే ఉంది. వచ్చినవాళ్లు మానేద్దామని వచ్చినవాళ్లు కూడా కాదు. అందుకే వాసన చూస్తే సిగరెట్ మానేస్తారని నేను మీకు చెప్పను. ఆ ఐదు నిమిషాలు గట్టెక్కడానికి ఒక చేయూత, అంతవరకే.

కన్ను చూసేదీ చెవి వినేదీ మెదడులో ఒక మజిలీ దాటి లోపలికి పోతాయి. వాసన ఆ మజిలీలో ఆగదు. ముక్కు పైకప్పు నుంచి నరాల వెంట నేరుగా ఇష్టం, భయం, జ్ఞాపకం పుట్టే చోటికి చేరుతుంది. మా పిల్లతనంలో సీమ పల్లెల్లో ఏ రచ్చబండ మీద చూసినా బీడీ పొగే. అయినా పచ్చి చెనిక్కాయలు ఉడికే వాసన వస్తే ఆ పొగలో కూర్చున్న పెద్దలు కూడా మాట ఆపి తల తిప్పేవాళ్లు. మాట ఆపించే శక్తి ఒక వాసనకు ఎట్లా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక ఆ వాసనను నాయన దగ్గర పెట్టుకోవడానికి సీసా సంగతి. అంగుళంన్నర ఎత్తుండే గాజు సీసా, మూత బిగుతుగా ఉండాల. ఇదివరకు జండూబామ్ లాంటిది పెట్టిన సీసా వద్దు, ఎంత కడిగినా ఆ ఘాటు పోదు. మన ఊర్లో చీనీకాయలకు, అదే బత్తాయిలకు, కరువా? తొక్క బొటనవేలంత ముక్క తీసి, లోపలి తెల్లపొర గీకేయండి. వాసన నూనె పైతొక్కలోనే ఉంటుంది, తెల్లపొరకు తేమ పట్టి బూజు వస్తుంది. ముక్కను వెలుతురుకు పట్టి చూస్తే పైన చుక్కలు చుక్కలుగా కనిపించేవే ఆ నూనె తిత్తులు. తొక్క పైభాగం బయటికి వచ్చేట్టు వంచితే అవి పగిలి సన్నని తుంపర చిమ్ముతుంది. కంట్లో పడితే మంట, జాగ్రత్త. రోజూ ముక్క మార్చాల. వెనీలా ఎసెన్స్ అయితే దూదిలో రెండు చుక్కలు చాలు, యాలక్కాయలైతే రెండు, వాడేటప్పుడు కొద్దిగా నలపాల.

నోరు పీకడం మొదలైన వెంటనే మూత తీసి, ముక్కుకు నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుని రెండు మూడు సార్లు మెల్లగా పీల్చాల. మూత పెట్టి అర నిమిషం మామూలుగా ఊపిరి తీసుకుని, మళ్లీ పీల్చాల. గడియారం చూసి ఐదు నిమిషాలు. మూత పెట్టకుండా పీలుస్తూనే ఉంటే ముక్కు అలవాటు పడి వాసనే తెలియదు. రోజంతా సీసా తెరిచి బల్ల మీద పెట్టేవాళ్లకు పని చేయకపోవడం ఇందుకే.

ఇంకో పొరపాటు కూడా చాలామంది చేస్తారు. సిగరెట్ వాసన తెలియకుండా సోంపో లవంగమో నమిలే అలవాటు మీ నాయనకుంటే ఆ రెండూ వద్దు. ఆ వాసన తగలగానే సిగరెట్టే గుర్తొస్తుంది. టీ, కాఫీ కూడా అంతే. అగరుబత్తి అసలే వద్దు, అగ్గిపుల్ల గీసిన చప్పుడే చాలు చేయి జేబులోకి పోవడానికి. కర్పూరం సీసాలో పెట్టకండి, పసిపిల్లలు కొంచెం మింగినా ఫిట్స్ వస్తాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఘాటు వాసనలు ఏవీ తేవద్దు.

మీరు ఆయన జేబులు వెతకొద్దు, ప్యాకెట్ దాచొద్దు. అది కొట్లాట అవుతుంది. ఎవరైనా సిగరెట్ తెమ్మని అంగడికి పంపితే మాత్రం తేలేనని మర్యాదగా చెప్పండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదని 2003 నాటి చట్టమే ఉంది.

ఆదివారం పొద్దున నాలుగు గిన్నెల్లో చీనీ తొక్క, యాలక్కాయ, వెనీలా దూది, నిమ్మ ఆకు పెట్టి, మీ నాయనను కళ్లు మూసుకోమని ఒక్కొక్కటే వాసన చూపించండి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కాస్త వ్యవధి ఇవ్వండి. ఏది బాగుందో ఆయనే చెప్పాల, మీకు నచ్చింది కాదు. ఏది ఎంచుకున్నాడో కార్డు రాయండి.

మీ తాత