పెద్దకర్మ నాటి సంతకం

భర్త పోయిన ఇంట్లో పెద్దకర్మ అయిందో లేదో ప్రోనోట్లు బయటికొస్తాయి. "ఆయన తీసుకున్నాడమ్మా, ఇక నువ్వే దిక్కు, నీ పేరు మీద తిరగరాసివ్వు" అంటారు. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, మందస వైపు కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడి చనిపోయినవాళ్ల ఇళ్లలో అప్పు ఒకరి దగ్గరే ఉండదు. మందులకు ఒకరి దగ్గర, ఆటో కిరాయిలకు ఒకరి దగ్గర, కూలి ఆగిపోయాక తిండిగింజలకు ఇంకొకరి దగ్గర చేసి ఉంటారు. ఆ దుఃఖంలో, ఆ టెన్షన్‌లో ఆమె సంతకం పెట్టేస్తుంది. అప్పటిదాకా ఆమెది కాని అప్పు ఆ క్షణం నుంచి ఆమె పేరు మీద నడుస్తుంది.

మొగుడి అప్పు పెళ్లానిదే అన్న మాట ఎక్కడినుంచి వచ్చింది? పాత హిందూ ధర్మశాస్త్రం తండ్రి అప్పు తీర్చడం కొడుకు విధి అంది. జూదానికో తాగుడుకో చేసిన అప్పుకు ఆ విధి లేదు. బ్రిటిష్ కాలపు కోర్టులు దీన్నే చట్టంగా అమలు చేశాయి. ఆ బరువు కొడుకు, మనవడు, మునిమనవడి దాకా పోయింది గానీ, భార్య మీద ఏనాడూ పడలేదు. 2005 సెప్టెంబరు 9న హిందూ వారసత్వ సవరణ చట్టం అమల్లోకి వచ్చాక, ఆ తర్వాత చేసిన అప్పులకు కొడుకుల మీద కూడా ఆ బరువు తీసేశారు. ఊళ్లో నోటి మాట మాత్రం ఇంకా పాతదే.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 50వ సెక్షన్ ఇంకా స్పష్టంగా ఉంది. చనిపోయిన మనిషి ఆస్తి వారసుల చేతికి ఎంత వచ్చిందో అంతవరకే వసూలు. భర్త పేరున ముప్పై సెంట్ల జీడితోట ఉంటే ఆ తోట విలువ మేరకు అడగొచ్చు. ఆమె కూలి డబ్బు, పుట్టింటివాళ్లు పెట్టిన బంగారంతో అప్పులవాళ్లకు సంబంధం లేదు. పైగా ప్రోనోటు మీద దావా వెయ్యడానికి గడువు మామూలుగా మూడేళ్లే. తిరగరాయించుకోవడానికి అంత తొందర అందుకే.

ఆమె ముందే సంతకం పెట్టి ఉంటే సంగతి వేరు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం షూరిటీ ఉన్నవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. ఇంటి లోనుకో ఆటో లోనుకో భార్యను కలిపి సంతకం చేయించేది ఇందుకే. డ్వాక్రా గ్రూపుల నుంచి, మైక్రోఫైనాన్స్ కంపెనీల నుంచి తెచ్చిన డబ్బు వలకో పొలానికో పోయినా, కాగితం మీద అప్పు ఆడవాళ్లదే. ఆ కంపెనీల వసూళ్ల వేధింపులు మితిమీరితే 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

వాయిదాలు ఆగితే బండి పట్టుకుపోతారు. రౌడీలను పెట్టి లాక్కోవడం కుదరదని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. తాకట్టులో ఉన్న ఇంటి మీదికి బ్యాంకు, కోర్టుకు పోకుండానే ఆస్తి స్వాధీనం చేసుకోనిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టంతో రావాలంటే ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు.

ఇన్సూరెన్స్ పాలసీని 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేరున రాయిస్తే, ఆ డబ్బును భర్త అప్పులవాళ్లు ముట్టుకోలేరు. 1923 సవరణతో ఇది హిందువులకూ వర్తించింది. పాలసీ కట్టేరోజే అలా రాయించాలి, తర్వాత అనుకుంటే కుదరదు. లోనుతో పాటు బీమా కట్టించుకున్నారేమో కూడా బ్యాంకులో అడగాలి. పెద్దకర్మ నాడు నోటు పట్టుకొచ్చినవాళ్లను జిరాక్సు ఇమ్మని, తేదీ చూసి, ఎవరైనా వకీలుకు చూపించేదాకా పెన్ను ముట్టుకోకూడదు.