బంగారం మీద అణువుల పొర: అపోహలు, వాస్తవాలు

ఆర్గానిక్ పొరల మీద పని చేస్తానంటే మా చుట్టాలు కూరగాయల సంగతి అనుకుంటారు. కాదండీ, కార్బన్ అణువులు.

అపోహ: బంగారానికి ఏదీ అంటదు.

సల్ఫర్ అంటుతుంది, అదీ గట్టిగా. వంటగ్యాస్ లీకైతే వచ్చే ఆ కంపు థయోల్‌ది, అంటే ఒక కొసన సల్ఫర్ ఉన్న అణువుది. అదే జాతిలో తోక పొడవున్నది డోడెకేన్‌థయోల్. దాన్ని కాస్త ఆల్కహాల్‌లో కలిపి బంగారు పూత ఉన్న పలకను ముంచితే, సల్ఫర్ కొస బంగారాన్ని పట్టుకుంటుంది. 12 కార్బన్ల తోక బయటికి ఉంటుంది.

అపోహ: నీటిబొట్టు పరుచుకోకుండా గుండ్రంగా నిలిస్తే పొర తయారైనట్టే.

కొత్తలో నేనూ ఇలాగే బోల్తా పడ్డాను. కొన్ని నిమిషాలకే బొట్టు చక్కగా నిలిచింది. తీరా పలకను పరమాణువుల స్థాయి వరకు చూపించే టన్నెలింగ్ మైక్రోస్కోప్ కింద పెడితే అంతా గజిబిజి! అణువులు మొదట్లో అడ్డంగా పడుకుంటాయి. రద్దీ పెరిగేకొద్దీ లేచి నిలబడతాయి, మన బస్సుల్లోలాగే. వరుసలు కుదురుకోవడానికి గంటలు పడుతుంది. అందుకే ఇప్పుడు సాయంత్రం ముంచి పొద్దున తీస్తాను.

నిలబడ్డాక కూడా నిటారుగా ఉండవు. పక్కపక్క సల్ఫర్‌ల మధ్య సుమారు 0.5 నానోమీటర్ల దూరం ఉంటుంది. తోకలు ఒకదాన్నొకటి ఆనుకోవాలంటే అది ఎక్కువే. అందుకని అన్నీ ఒకే వైపు దాదాపు 30 డిగ్రీలు ఒరుగుతాయి.

అపోహ: మైక్రోస్కోప్ ఫొటోలో నల్లటి మచ్చలంటే అక్కడ పొర చిరిగినట్టు.

విద్యార్థులు టెన్షన్ పడి పలక పారేసేది ఇక్కడే. ఆగండి, ఆ మచ్చ లోతు కొలవండి. 0.24 నానోమీటర్లు వస్తే అది సరిగ్గా ఒక బంగారు పరమాణువు మెట్టు. గుంట పడింది బంగారంలో, పొరలో కాదు. సల్ఫర్ అంటుకునేటప్పుడు పై వరుస బంగారు పరమాణువుల్ని కొన్నింటిని లాగేస్తుంది, వాటి ఖాళీలు కలిసి గుంటలవుతాయి. గుంట అడుగున కూడా థయోల్ ఉంటుంది. ద్రావణాన్ని కాస్త వేడి చేస్తే చిన్న గుంటలు కలిసిపోయి కొద్దిపాటి పెద్దవి మిగులుతాయి.

అపోహ: అణువు ఒకటే అయితే అమరిక కూడా ఒకటే.

ట్రాన్సిస్టర్లలో కరెంటును మోసే ఆర్గానిక్ అణువు పెంటసీన్‌ను చూడండి. గాజులాంటి సిలికా మీద దాదాపు నిటారుగా నిలబడుతుంది, శుభ్రమైన బంగారం మీద బల్లపరుపుగా పడుకుంటుంది. ట్రాన్సిస్టర్‌లో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఆ అంచు దగ్గర అమరిక చెడి కరెంటు సరిగా దాటదు. అందుకే బంగారు ఎలక్ట్రోడ్‌కు ముందే థయోల్ పూత వేస్తాం. దాని మీద పెంటసీన్ లేచి నిలబడుతుంది.