తలుపు మూశాక మొదటి అరగంట

ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెప్పులు కొరికేసిన కుక్క, యజమాని తిరిగి రాగానే చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి నేలచూపులు చూస్తుంది. తప్పు చేశానని దానికి తెలుసులే అనుకుంటాం. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త 2009లో వెలువరించిన అధ్యయనం వేరే మాట చెప్పింది. వద్దన్న తాయిలాన్ని కుక్క తిన్నా, తినకపోయినా, యజమాని తిడితే చాలు ఆ ముఖమే పెట్టింది. అది పశ్చాత్తాపం కాదు, ఎదుటి మనిషి కోపానికి జంకు. కాబట్టి ఒంటరిగా ఉండలేక, ఆందోళనతో చేసిన పనికి తిట్టడమంటే, ఉన్న భయానికి ఇంకో భయం జోడించడమే.

ఆందోళన అరుపులతో మొదలవదు. నిద్రవేళ కాకపోయినా ఆవులించడం, తిండి ఎదురుగా లేకపోయినా మూతి నాక్కోవడం, తల తిప్పకుండా తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఉక్క లేకున్నా వగర్చడం, ఇష్టమైన తాయిలాన్నీ ముట్టకపోవడం కుక్కలో తొలి గుర్తులు. పిల్లి మరీ గుంభనంగా ఉంటుంది. గంటల తరబడి నక్కి ఉంటుంది, పొట్ట మీద వెంట్రుకలు ఊడేదాకా నాక్కుంటుంది, లేదంటే మలమూత్రాల కోసం పెట్టిన లిట్టర్ ట్రే వదిలేసి ఇంకోచోట మూత్రం పోస్తుంది. దీన్ని పొగరనుకోవద్దు. ఒత్తిడి వల్ల పిల్లుల్లో మూత్రాశయం వాచే అవకాశం ఉంది. మగపిల్లి పదేపదే ట్రేలో కూర్చుంటున్నా చుక్క రాకపోతే మూత్రనాళం మూసుకుపోయిందేమో. అది ప్రాణాపాయం, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అందుకే ఏ శిక్షణకైనా ముందు పశువైద్యుడి పరీక్ష అవసరం. ఇన్నేళ్లూ లేని బెదురు పెద్దవయసులో మొదలైతే కీళ్లనొప్పి, చూపు లేదా వినికిడి తగ్గడం, మెదడు మందగించడం దాని వెనుక ఉండవచ్చు.

ఒంటరిగా ఉండలేని కుక్కల సంగతికొస్తే, మీరు బయటికి వెళ్లేటప్పుడు ఫోన్‌నో కెమెరానో ఒక మూల పెట్టి రికార్డు చేయండి. నిజమైన ఆందోళన సాధారణంగా మొదటి అరగంటలోనే బయటపడుతుంది. అటూ ఇటూ తిరగడం, ఏడుపు, చొంగ, తలుపు దగ్గర గోళ్ల గీతలు కనిపిస్తాయి. హాయిగా రెండు గంటలు నిద్రపోయి, ఆ తర్వాత దిండు చింపిందంటే అది విసుగు కావచ్చు. దానికి కింద చెప్పే శిక్షణ కాదు, వ్యాయామం, ఆట కావాలి.

తాళాలు తీయడం, బూట్లు వేసుకోవడం లాంటి సూచనలకే చాలా కుక్కలు కంగారుపడతాయి. ముందు ఆ సూచనలకు విలువ లేకుండా చేయాలి. తాళాలు తీసి చేతిలో పట్టుకుని, వెళ్లకుండా కూర్చోండి. రోజుకు నాలుగైదుసార్లు ఇలా చేస్తే కొన్నాళ్లకు పట్టించుకోవడం మానేస్తుంది. తర్వాత తలుపు తీసి మూయండి. ఆపైన 5 సెకన్లు బయట ఉండి రండి. తర్వాత 10, మళ్లీ 5, ఆపైన 20, మధ్యలో 8, ఇలా పెంచుతూ తగ్గిస్తూ పోండి. ప్రతిసారీ పెంచుకుంటూ పోతే, వచ్చేసారి ఇంకా కష్టమని కుక్క నేర్చుకుంటుంది. ఏడ్చిందంటే సమయం ఎక్కువైందని అర్థం, సగానికి తగ్గించండి. మొదటి 40 నిమిషాలు దాటించడమే కష్టం, ఆ తర్వాత పెద్ద అంగలు వేయవచ్చు.

చాలామంది శిక్షణ ఇక్కడే చెడుతుంది: ఉదయం 20 సెకన్ల సాధన, మధ్యాహ్నం 6 గంటల ఒంటరితనం. సాధన సాగినన్నాళ్లూ ఎవరో ఒకరు తోడుండే ఏర్పాటు చేసుకోవాలి. చెప్పినంత తేలిక కాదు, కానీ దీనికి దగ్గరిదారి లేదు. భయంతో ఉన్న కుక్కను క్రేట్‌లో, అంటే బోనులాంటి పెట్టెలో, బంధిస్తే పళ్లు, గోళ్లు విరగ్గొట్టుకోవచ్చు.

శబ్దభయానికీ సూత్రం అదే. కుక్క భయపడే శబ్దం రికార్డింగును అతి తక్కువ స్థాయిలో, 5 నిమిషాలకు మించకుండా వినిపించండి. ముందు శబ్దం, ఒకట్రెండు సెకన్లలో తాయిలం. వరస తారుమారైతే తాయిలాన్ని చూసే భయపడటం మొదలుపెడుతుంది. అది తినడం మానేస్తే శబ్దం ఎక్కువైనట్టే. నిజంగా ఉరుములు ఉరిమే రోజున సాధన మానేసి, కిటికీల్లేని గదిలో పక్కన కూర్చోండి. నిమిరితే భయం పెరుగుతుందన్న మాటను నమ్మక్కర్లేదు.

పిల్లికి కావలసింది ఎత్తైన చోటు, దాక్కునే చోటు. ఎన్ని పిల్లులుంటే వాటికి ఒకటి కలిపి అన్ని ట్రేలు, వేర్వేరు చోట్ల పెట్టాలి. మోసుకెళ్లే పెట్టె ప్రయాణం రోజున మాత్రమే బయటికొస్తే దాన్ని చూడగానే పారిపోతుంది. ఏడాది పొడవునా దుప్పటి వేసి తెరిచి ఉంచండి.

భయం తీవ్రంగా ఉంటే మందులు వాడటం ఓటమేమీ కాదు. ఆందోళన తగ్గించే ఫ్లూక్సెటిన్ లాంటివి పూర్తిగా పనిచేయడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, పనిచేయలేదని రెండోవారమే మానేయకూడదు, అకస్మాత్తుగానూ ఆపకూడదు. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు అంచనాగా వేయవద్దు. కొన్ని ద్రవ మందుల్లో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కలకు విషం. ఇక ఏసిప్రోమజైన్ లాంటి మత్తుమందు ఒక్కటే ఇస్తే ఒళ్లు కదలదు కానీ లోపలి భయం తగ్గకపోవచ్చు. పైకి నిమ్మళంగా కనిపించడం వల్ల మనం మోసపోతాం, అందుకే రాసిచ్చిన మందు భయాన్ని తగ్గించేదా, కదలికను తగ్గించేదా అని పశువైద్యుడిని అడిగి తెలుసుకోవాలి.