లాస్ ఏంజెలిస్‌లో వీధి ముఠా ఇల్లెలా అయింది?

లాస్ ఏంజెలిస్ గ్యాంగుల ప్రస్తావన వస్తే చాలు, మాట తుపాకులు, మత్తుమందుల మీదికి పోతుంది. కథ అంతకు చాలా ముందే, ఇళ్ల దస్తావేజుల్లో మొదలైంది. నల్లజాతివారికి అమ్మరాదు, అద్దెకివ్వరాదు అని వాటిలో రాసుకునేవారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అయినా హద్దు దాటిన నల్లజాతి పిల్లలను తెల్ల కుర్రాళ్ల ముఠాలు తరిమి కొడుతూనే ఉండేవి. ఆ దెబ్బలు కాచుకోవడానికి గుమికూడినవాళ్లే వీధి క్లబ్బులుగా మారారు.

1965లో నగరంలోని నల్లజాతి పేట వాట్స్‌లో జరిగిన అల్లర్లలో 34 మంది చనిపోయాక ఈ కుర్రాళ్లలో కొందరు రాజకీయాలవైపు మళ్లారు. స్లాసన్స్ ముఠా నాయకుడు బంచీ కార్టర్, నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్స్ పార్టీ నగరశాఖకు సారథి అయ్యాడు. 1969 జనవరిలో అతణ్ని కాల్చి చంపారు. ఆ ఉద్యమమూ చెదిరిపోయింది. దాదాపు అదే కాలంలో రేమండ్ వాషింగ్టన్ అనే స్కూలు వయసు కుర్రాడు మొదలుపెట్టిన గుంపే క్రిప్స్. వాళ్ల దాడులు తట్టుకోలేక చిన్న ముఠాలు కలిసి బ్లడ్స్ అయ్యాయి. 1980లో టైర్ల కంపెనీ ఫైర్‌స్టోన్, 1982లో కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ పక్కనే ఉన్న సౌత్ గేట్‌లో ఫ్యాక్టరీలు మూసేశాయి. తండ్రుల జీతాలు పోయాయి. క్రాక్ అనే చవక కొకైన్ వచ్చింది.

ఎల్ సాల్వడార్ అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన పిల్లలకూ ఇదే గతి. పాత ముఠాలు బతకనివ్వకపోతే సొంతంగా ఒకటి కట్టుకున్నారు. అదే ఎంఎస్-13.

చేరేటప్పుడు కొత్తవాణ్ని అందరూ కలిసి కొన్ని క్షణాలు చితకబాదుతారు. ఆపగానే కొట్టిన చేతులే కావలించుకుంటాయి. వాడికో మారుపేరు వస్తుంది, ఇకమీదట ఒంటరిగా నడవనక్కర్లేదన్న ధీమా వస్తుంది. ఆ ధీమా బూటకం కాదు. అది కావాలంటే ప్రాణం పణంగా పెట్టాలి, అదే ఘోరం.

ప్రభుత్వం మాత్రం నేరాన్నే చూసింది. 1988 ఏప్రిల్‌లో ఒక్క వారాంతంలోనే వెయ్యిమందికి పైగా అరెస్టయ్యారు. జైల్లో ముఠా బంధం ఇంకా బిగుసుకుంది. 1990లలో ఎల్ సాల్వడార్‌కు తిప్పి పంపినవాళ్లతో అది అక్కడా వేళ్లూనుకుంది.

అదే 1988లో లాస్ ఏంజెలిస్‌లోని బాయిల్ హైట్స్ పేటలో గ్రెగ్ బాయిల్ అనే పాదిరి, చర్చికి వచ్చే తల్లులు కలిసి ఈ కుర్రాళ్లకు పని వెతకడం మొదలుపెట్టారు. 1992లో బేకరీ తెరిచారు. పగవాళ్లుగా పెరిగిన ముఠాల పిల్లలు అందులో పక్కపక్కనే నిలబడి రొట్టెలు కాల్చారు.