కోఠి రెసిడెన్సీ దాడి: రెండు వైపులూ రాస్తే సరిపోతుందా?

పాత పత్రాలకు, ఫొటోలకు ఆన్‌లైన్‌లో వివరణలు రాయడం నా పని. హైదరాబాద్ చరిత్ర దగ్గరికి వచ్చేసరికి కొన్ని అపోహలు పదేపదే ఎదురవుతుంటాయి.

అపోహ: అన్ని కోణాలూ చూపించడమంటే బ్రిటిష్ వాళ్లకో పేరా, మనవాళ్లకో పేరా ఇవ్వడం.

వాస్తవం: ‘మనవాళ్లు’ ఒకే పక్క లేరు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో కలిసి కోఠిలోని రెసిడెన్సీ మీదికి, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంట్) భవనం మీదికి వెళ్లారు. పుత్లీబౌలి దగ్గర షావుకార్ల ఇళ్లలో చేరి తెల్లవారుజాము దాకా కాల్పులు జరిపారు. వాళ్లు వస్తున్నారని రెసిడెంట్ డేవిడ్‌సన్‌కు ముందే కబురు పంపింది నిజాం దివాన్ సాలార్‌జంగ్. బ్రిటిష్ వాళ్లతో కుదిరిన 1860 ఒప్పందంలో నిజాంకు 50 లక్షల రూపాయల బాకీ మాఫీ అయింది. ఇవన్నీ పక్కపక్కన పెడితేగానీ కథ అర్థం కాదు.

అపోహ: ‘తిరుగుబాటు’ ఎవరినీ నొప్పించని మాట.

వాస్తవం: నేనూ అలాగే అనుకున్నాను. మొదట రెసిడెన్సీ ఫొటో కింద ‘తిరుగుబాటుదారులు రెసిడెన్సీపై దాడి చేశారు’ అని రాశాను. తర్వాత ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఎవరి మీద తిరుగుబాటు? హైదరాబాద్ కంపెనీ పాలనలో లేదు, నిజాం రాజ్యం. ఫోన్‌లో ఫొటో కింద మొదటి వాక్యమే కనిపిస్తుంది, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. చాలామంది నొక్కరు. అందుకే ఇలా మార్చాను: ‘నిజాం ప్రభుత్వం పట్టి బ్రిటిష్ వాళ్లకు అప్పగించిన సైన్యంలోని జమేదార్ చీదా ఖాన్‌ను విడిపించాలని వెళ్లినవాళ్లు రెసిడెన్సీపై దాడి చేశారు.’ వాక్యం పొడుగైంది, కానీ నిజాం ప్రభుత్వం, బ్రిటిష్ వాళ్లు, దాడికి వెళ్లినవాళ్లు ముగ్గురూ అందులో ఉన్నారు.

అపోహ: జనం నోట ఉన్న మాట ఆధారం కాదు.

వాస్తవం: ఆ రాత్రి ఏ గంటకు ఏం జరిగిందో చెప్పడానికి పనికిరాదు, నిజమే. జనం ఎవరిని గుర్తుపెట్టుకున్నారో చెప్పడానికి అంతకన్నా మంచి ఆధారం లేదు. 1859లో తుర్రేబాజ్ ఖాన్‌ను తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. జనం భయపడాలని చేసిన పని అది. అయినా ‘నువ్వేమైనా తురుంఖాన్‌వా?’ అని ఇప్పటికీ అంటున్నాం. ఆ మాట ఆయన పేరు నుంచే పుట్టిందని ఇక్కడ చెప్పుకుంటారు. అందుకే వెతుకులాట పదాల్లో తుర్రేబాజ్ ఖాన్, తుర్రెబాజ్ ఖాన్, తురుంఖాన్ మూడూ చేరుస్తాను. లేకపోతే తమకు తెలిసిన పేరు కొట్టినవాళ్లకు ఆ పేజీ దొరకదు.