ఏడాదికి బెత్తెడు నెట్టుడుతో లేచిన దీవి

2024 ఏప్రిల్ 3 ఉదయం తైవాన్ తూర్పు తీరంలో, హువాలియెన్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. ఒక పక్కకు ఒరిగి నిలబడిన ఎర్రటి భవనం వీడియో ఆ రోజంతా టీవీల్లో తిరిగింది. మా వీధిలో పదో తరగతి చదివే అమ్మాయి మర్నాడు అట్లాసు పట్టుకుని వచ్చి అడిగింది: "మాస్టారూ, ఈ దీవి మ్యాపులో చింతాకంత ఉంది. దాని మీద నాలుగు వేల మీటర్ల కొండ ఎలా నిలబడింది?"

ముప్ఫై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పాను. ఇంత మంచి ప్రశ్న తరగతి గదిలో నాకు ఎదురుకాలేదు. ఆ పిల్లకు చెప్పిన జవాబునే ఇంకాస్త పెంచి ఇక్కడ రాస్తున్నాను. భూమి పైపొర పలకలుగా ఉంటుందని, అవి కదులుతుంటాయని స్కూలు పుస్తకాల్లో ఉంది కనుక దాన్ని మళ్ళీ చెప్పను.

ముందు కొలతలు. తైవాన్ పొడవు సుమారు 394 కిలోమీటర్లు, బాగా వెడల్పున్న చోట 144. విస్తీర్ణం 36 వేల చదరపు కిలోమీటర్లు, అంటే కేరళ కంటే కాస్త తక్కువ. చైనా తీరానికీ దీనికీ మధ్య ఉన్న జలసంధి బాగా ఇరుకైన చోట 130 కిలోమీటర్లు. దీవి ఆకారం చిలగడదుంపలా ఉంటుందని అక్కడివాళ్లే అంటారు. ఆ దుంప మీద 3,000 మీటర్లు దాటిన శిఖరాలు 260కి పైగా ఉన్నాయి. అన్నిటికంటే ఎత్తైన యూషాన్ 3,952 మీటర్లు, జపాన్ ఫుజి పర్వతం కంటే ఎత్తు. 1895లో దీవి చేజిక్కాక జపాన్‌వాళ్లకు తమ రాజ్యంలో ఫుజిని మించిన కొండ కనబడింది. దానికి నీతకయామా, అంటే 'కొత్త ఎత్తైన కొండ' అని పేరు పెట్టుకున్నారు. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడికి ఓడలకు పంపిన రహస్య సంకేతం 'నీతకయామా ఎక్కండి' అనే మాటే.

ఇక అసలు విషయం. కళ్ళంలో ఆరబోసిన ధాన్యాన్ని సాయంత్రం రాశి చేయడం చూసిన వాళ్లకు తైవాన్ సగం అర్థమైనట్టే. నిలువుగా పట్టుకున్న చెక్క పలకతో ధాన్యాన్ని ముందుకు నెడతాం. పలక ముందు గింజలు పోగవుతాయి. పలక దగ్గర ఎత్తుగా, ముందుకు పోయేకొద్దీ పలుచగా, ఒక వాలు ఏర్పడుతుంది. ఇంకా నెడితే రాశి పెద్దదవుతుంది, వాలు మాత్రం మారదు. రాశి ఎత్తు పెరిగిన మేరకే ముందుకూ సాగుతుంది. ఎవరైనా పైనుంచి నాలుగు చేటల ధాన్యం తీసేస్తే వాలు తగ్గుతుంది. అప్పుడు నెట్టిన బలం రాశిని ముందుకు జరపదు. లోపలి గింజలనే పైకి లేపి, పాత వాలు వచ్చేదాకా ఆ గుంటను పూడ్చి, ఆ తర్వాతే రాశి మొత్తాన్ని కదిలిస్తుంది.

తైవాన్ అలాంటి రాశి. ఆగ్నేయం నుంచి వస్తున్న ఫిలిప్పీన్ సముద్ర పలక మీద అగ్నిపర్వతాల వరుస ఒకటి ఉంది. అది మన చెక్క. దాని ముందున్న ధాన్యమేమో చైనా నదులు కోట్ల ఏళ్లుగా తెచ్చి ఖండపు అంచున పోసిన బురద, ఇసుక. చెక్క కదిలే వేగం ఏడాదికి సుమారు 8 సెంటీమీటర్లు. మన లెక్కలో ఒక బెత్తెడు. ఏడాదికి బెత్తెడంటే పది లక్షల ఏళ్లలో 80 కిలోమీటర్లు. ఈ నెట్టుడు మొదలై అరవై లక్షల ఏళ్లు అయి ఉంటుందని భూగర్భ శాస్త్రవేత్తల అంచనా. హిమాలయాలు మొదలై 5 కోట్ల ఏళ్లయింది. వాటి ముందు తైవాన్ నిన్న మొన్న పుట్టిన పాప.

చెక్కను ఇప్పటికీ చూడవచ్చు. దీవి తూర్పు అంచున హువాలియెన్ నుంచి తైతుంగ్ దాకా ఉన్న తీరపు కొండలు ఆ పాత అగ్నిపర్వతాలే. వాటికి పడమటగా సన్నటి పొడవాటి లోయ ఉంటుంది, చెక్కకూ రాశికీ మధ్య కీలు అదే. లోయలో రోడ్డు మీద నిలబడితే కుడివైపు ఫిలిప్పీన్ సముద్ర పలక, ఎడమవైపు ఖండపు పలక. ఉత్తరానికి తిరిగి నిలబడితే సుమా!

ఇక్కడ కొంచెం లెక్క ఉంది, ఓపిక పట్టండి. ధాన్యం రాశి వాలు చాలా నిటారు, ఇంచుమించు 30 డిగ్రీలు. పశ్చిమ తైవాన్ కొండల సగటు వాలు 3 డిగ్రీలే. రాశి అడుగున ఉన్న జారుడు తలం మాత్రం తూర్పుకు దాదాపు 6 డిగ్రీలు వంగి ఉంది. రెండూ కలిపి, ఒక కొస పలుచగా ఇంకో కొస మందంగా ఉండే 9 డిగ్రీల మేకు ఆకారం. 1983లో ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్తలు ఈ మేకు సూత్రాన్ని తైవాన్ మీదే సరిచూశారు. వాలు ఇంత తక్కువగా ఎందుకుందన్న దానికి జవాబు నీళ్లలో దొరికింది. చమురు కోసం తవ్విన బావుల్లో కొలిస్తే, లోతున రాళ్ల సందుల్లో చిక్కుకున్న నీరు విపరీతమైన ఒత్తిడితో ఉంది. ఆ ఒత్తిడి పైనున్న బరువులో చాలా భాగాన్ని మోస్తుంది కనుక రాపిడి తగ్గిపోతుంది. గరుకు నేల మీద నెట్టిన రాశి నిటారుగా లేస్తుంది, బురద పూసిన నేల మీద నెట్టినది చదునుగా సాగుతుంది. తైవాన్ కింద నేల బురద పూసినదన్నమాట.

రెండో లెక్క నాకు ఇంకా ఇష్టం. రాశిలోకి చేరే పొర మందం సుమారు 7 కిలోమీటర్లు. ఆ లెక్క వేసిన రోజుల్లో పలక వేగం ఏడాదికి 7 సెంటీమీటర్లు అనుకున్నారు, జిపిఎస్ వచ్చాకే 8 అని తేలింది. 7 సెంటీమీటర్లంటే పది లక్షల ఏళ్లకు 70 కిలోమీటర్లు. మందం 7ను ఆ 70తో గుణిస్తే 490. అంటే దీవిని అడ్డంగా కోసి చూస్తే, ఆ కోతలో పది లక్షల ఏళ్లకు అన్ని చదరపు కిలోమీటర్ల రాయి కొత్తగా చేరుతోంది. మరి పోతున్నదెంత? కొండలు ఏడాదికి 5 మిల్లీమీటర్లకు కాస్త పైన, అంటే పది లక్షల ఏళ్లకు 5 కిలోమీటర్లకు కాస్త పైన అరుగుతున్నాయి, రాశి వెడల్పు 90 కిలోమీటర్లు. గుణించండి: మళ్ళీ 500 దగ్గరికే వస్తుంది! ఎంత వస్తోందో అంత పోతోంది. అందుకే కొండ ఎత్తు నాలుగు కిలోమీటర్ల దగ్గర ఆగింది. వానే లేకపోతే ఆ రాశి చైనా తీరం వైపు ఇంకా ఎంత దూరం పాకి ఉండేదో.

పదో తరగతి అమ్మాయి ఇక్కడ ఆపి అడిగింది: "అయితే ఆ మట్టంతా ఎక్కడికి పోతుంది?" సముద్రంలోకే. తైవాన్ నదులు ఏడాదికి సగటున 38 కోట్ల టన్నుల మట్టిని కడలిలో కలుపుతున్నాయి. ప్రపంచ నేలలో ఆ దీవి వాటా పది వేలకు మూడు పాళ్లు కూడా లేదు, సముద్రంలో చేరే నది మట్టిలో మాత్రం వందకు దాదాపు రెండు పాళ్లు దానిదే. నదులు పొట్టివి, నిటారైనవి, పైగా తుఫాన్లు. 2009 ఆగస్టులో మోరాకాట్ తుఫానుకు అలీషాన్ కొండల మీద కొద్ది రోజుల్లోనే 2,800 మిల్లీమీటర్లకు మించి కురిసింది. హైదరాబాదులో మూడేళ్లకు పడే వాన అది. సియావోలిన్ అనే ఊరి మీదకు కొండ విరిగిపడి నాలుగు వందల మందికి పైగా మట్టి కింద ఉండిపోయారు. లెక్కల్లో 'ఏడాదికి 5 మిల్లీమీటర్లు' అని రాస్తున్నప్పుడు ఆ ఊరు గుర్తొచ్చి నా చేయి ఆగుతుంది. కొండ ఏటా సమానంగా అరగదు, ఒక రాత్రిలో వందేళ్ల బాకీ తీరుస్తుంది.

పెరగడం కూడా అంతే. రాశి పాదం దగ్గర గింజలు కాసేపు కదలవు, తర్వాత ఒక్కసారి జారతాయి. 1999 సెప్టెంబరు 21 రాత్రి ఒంటి గంట నలభై ఏడు నిమిషాలకు మధ్య తైవాన్‌లో చెలుంగ్‌పు భ్రంశం, అంటే రాళ్లు తెగి జారే పగులు, వంద కిలోమీటర్ల మేర తెగింది. కొన్నిచోట్ల నేల సుమారు 8 మీటర్లు లేచింది. 2,400 మందికి పైగా చనిపోయారు. వూఫెంగ్‌లో ఒక స్కూలు రన్నింగ్ ట్రాక్ మధ్యలో రెండు మీటర్లకు పైగా గోడలా లేచి నిలబడింది. ఆ ట్రాక్‌ను అలాగే ఉంచి చుట్టూ మ్యూజియం కట్టారు. భూగోళ పాఠాన్ని పిల్లలు చేత్తో తాకి చూడగలిగే చోటు అది. భ్రంశం అంటే నిర్వచనం బట్టీ పట్టించే మన పద్ధతి నాకు ఎప్పుడూ బాధే.

భూకంపం వస్తే తైవాన్ పల్లెల్లో పెద్దవాళ్లు 'నేల ఎద్దు ఒత్తిగిలింది' అనేవారు. మన పెద్దలు ఆదిశేషుడు తల మార్చుకున్నాడన్నారు. కారణం తెలియని కాలంలో ఆ మాట ఒక ఆసరా, దాన్ని నేను తప్పుపట్టను. కానీ భూకంపం వచ్చిన ప్రతిసారీ గ్రహాల కూటమి చూపించి జోస్యం చెప్పేవాళ్లు మన ఛానళ్లలో ఇప్పటికీ కనబడుతున్నారు. వాళ్లను మాత్రం క్షమించలేను. జనాన్ని కాపాడేది గట్టి కట్టడమే.

ఈ రాశి మట్టే దీవికి ఊళ్లనిచ్చింది, చివరికి పేరు కూడా. జనాభా 2 కోట్ల 30 లక్షల పైచిలుకు. పదిమందిలో తొమ్మిది మందికి పైగా పడమటి మైదానాల్లోనే ఉంటారు. ఆ మైదానాలు కొండల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రే. 1624లో డచ్చివాళ్లు వచ్చి నేటి తైనాన్ ఎదుట ఒక ఇసుక తిన్నె మీద కోట కట్టారు. ఆ తిన్నె ఉన్న చోటును 'తాయోవాన్' అనేవారు. ఆ పేరే తర్వాత దీవి మొత్తానికీ పాకింది. తిన్నె వెనక ఓడలు ఆగిన ఉప్పునీటి మడుగు 19వ శతాబ్దంలో నది మట్టితో పూడిపోయింది. నేడు అక్కడ వీధులున్నాయి. అంతకుముందు పోర్చుగీసు నావికులు పెట్టిన 'ఫార్మోసా', అంటే అందమైనది, అనే పేరు మన పాత పత్రికల్లోనూ కనిపిస్తుంది.

డచ్చివాళ్లను 1662లో చైనా సేనాని చెంగ్ చెంగ్‌కుంగ్ వెళ్లగొట్టాడు. 1683 నుంచి చైనా చింగ్ వంశపు చక్రవర్తులు, 1895 నుంచి 1945 దాకా జపాన్. నేతాజీ చివరి ప్రయాణం గురించి చదివినప్పుడు వచ్చే 'తైహోకు' నేటి తైపేకి జపాన్‌వాళ్ల పేరు. 1949లో చైనా అంతర్యుద్ధంలో ఓడిన జాతీయవాద ప్రభుత్వం పది లక్షలకు పైగా జనంతో ఇక్కడికి చేరింది. ముప్ఫై ఎనిమిదేళ్ల సైనిక శాసనం 1987లో తొలగింది, 1996లో జనం తొలిసారి నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు. చైనా దీన్ని తన భాగమంటుంది, ఇక్కడ పాలించేది మాత్రం ఇక్కడివాళ్లు ఎన్నుకున్న ప్రభుత్వమే.

కొండకూ కంప్యూటర్లలో వాడే చిప్పుకూ సంబంధం ఉందంటే మొదట నేనూ నమ్మలేదు. దీవిలో సగటున ఏడాదికి 2,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది, కానీ నిటారు వాలు మీద ఆ నీరు నిలవదు. 2020లో ఒక్క తుఫానూ తీరం దాటలేదు, 2021కి జలాశయాలు అడుగంటాయి. సిన్‌చు వైపు చిప్పుల ఫ్యాక్టరీలకు నీళ్ల ట్యాంకర్లు నడిచాయి, వేల హెక్టార్ల వరికి కాలువ నీళ్లు ఆపేశారు. ఊళ్లు కూల్చే తుఫానే రాకపోతే పైరు ఎండుతుంది. ఆ రైతు పరిస్థితి మన డెల్టా రైతుకు విడమరిచి చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది భాషల సంగతి. చైనా నుంచి జనం రావడానికి వేల ఏళ్ల ముందే ఇక్కడ ఆదివాసులున్నారు. ఇప్పుడు ప్రభుత్వం గుర్తించిన తెగలు 16, జనం సుమారు ఆరు లక్షలు. వాళ్ల భాషలు ఆస్ట్రోనేసియన్ కుటుంబానివి. మడగాస్కర్ నుంచి ఈస్టర్ దీవి దాకా, హవాయి నుంచి న్యూజిలాండ్ దాకా సుమారు 1,200 భాషలున్న కుటుంబం. మలేషియాలో స్థిరపడిన మన తెలుగువాళ్లను 'లిమా' అంటే ఏమిటని అడగండి, ఐదు అంటారు. తైవాన్‌లో అమిస్, పైవాన్ తెగలవాళ్లకూ ఐదు లిమానే. న్యూజిలాండ్ మావోరీలకు రిమా, మడగాస్కర్‌లో దిమి. భాషాశాస్త్రవేత్త రాబర్ట్ బ్లస్ట్ ఈ కుటుంబాన్ని పది మూల శాఖలుగా విడదీస్తే తొమ్మిది ఈ చిన్న దీవిలోనే కనిపించాయి. బయటి మహాసముద్రమంతా పదో శాఖ ఒక్కటే. ఎక్కడ రకాలు ఎక్కువో అక్కడే మొదలు. నాలుగు వేల ఏళ్లకు ముందే ఇక్కడి నుంచి పడవలు దక్షిణంగా ఫిలిప్పీన్స్‌కు కదిలాయని చాలామంది పరిశోధకులు అనుకుంటున్నారు.

తైవాన్ పాలనలోనే ఉన్నా పదో శాఖకు చెందిన భాష ఒకే ఒకటి ఉంది. ఆగ్నేయంగా సముద్రంలో ఉన్న లాన్‌యూ అనే చిన్న దీవిలో తావో తెగ మాట్లాడే భాష అది. వాళ్ల దగ్గరి బంధువులు ఫిలిప్పీన్స్‌లోని బతానెస్ దీవుల్లో ఉన్నారు. ఇప్పుడు లాన్‌యూ రాళ్లు చూడండి. అవి అగ్నిపర్వతపు రాళ్లు, ఫిలిప్పీన్స్ నుంచి సాగివచ్చిన ఆ చెక్కలో ముక్క, తైవాన్‌కు ఇంకా తగలని ముక్క. చెక్క ఏటవాలుగా వస్తోంది కనుక ఉత్తరపు కొస ముందు తగిలింది, దక్షిణపు కొస ఇంకా తగలాలి. నేలా భాషా రెండూ దక్షిణం నుంచి వచ్చినవే, ఒకటి పలకతో, ఇంకొకటి పడవలో. జలసంధిలో, ఖండపు పలక మీద ఉన్న పెంగ్‌హూ దీవులతో పోల్చి లాన్‌యూలోని జిపిఎస్ కేంద్రాన్ని కొలిస్తే అది ఏడాదికి 8 సెంటీమీటర్లు వాయవ్యానికి జరుగుతోంది.

ఇంత విన్నాక ఆ అమ్మాయి తన అరచేయి మ్యాపు మీద పెట్టి, నాలుగు వేళ్ల వెడల్పు చూసుకుని, లాన్‌యూ మీద పెన్సిలుతో చిన్న బాణం గుర్తు వేసింది.